ఆ మూలకు ఆకాశం కనబడుతుందా?

బియ్యం ఏరాలంటే మా అమ్మ చాట పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. వంటర్రలో కూర్చుంటే రాయికీ గింజకూ తేడా తెలిసేది కాదు. వరంగల్ గిర్మాజీపేట గల్లీలో మా ఇల్లు ముందర్ర, నడిమర్ర, వంటర్ర ఒకదాని వెనుక ఒకటి, రైలు డబ్బాల్లాగా ఉండేది. ముందర్రలో పేపర్ చదువుకోవచ్చు. నడిమర్రలో వచ్చిన మనిషెవరో పోల్చుకోవచ్చు. వంటర్రలో పొయ్యి మంటే దీపం. "పట్టపగలు లైటెందుకే" అని నాయిన, "నువ్వొచ్చి వండు, తెలుస్తది" అని అమ్మ.

ఇప్పుడు నేను హనుమకొండలో ఇండ్ల ప్లాన్లు గీస్తాను. వచ్చేవాళ్లలో సగం మంది మా అమ్మ మాటే వేరే తీరుగా అడుగుతారు: "సార్, నడిమిట్ల అంత చీకటిగుంటది, ఏడన్న ఓ కిటికీ కొట్టియ్యుండ్రి." కిటికీ కొట్టడం పెద్ద పని కాదు, సుతారికి ఒకటిన్నర రోజు. కానీ ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా రెండడుగుల దూరంలో పక్కింటి గోడ ఉంటే? అప్పుడు మీరు కొన్నది కిటికీ కాదు, గోడకు ఒక ఫొటో ఫ్రేమ్.

వెలుతురు లెక్కంతా ఒక్క ప్రశ్న దగ్గర మొదలవుతుంది. చీకటిగా ఉన్న ఆ చోట కన్ను పెట్టి చూస్తే ఆకాశం కనబడుతుందా? కనబడితే ఎంత మేర? కిటికీల సంఖ్య, వైశాల్యం, అద్దం ఖరీదు అన్నీ దీని తర్వాతే.

వంద గజాల ఇంటి జాతకం

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో మామూలు సంసారులు కట్టుకునే ఇల్లు ఎక్కువగా వంద గజాలది. అంటే 900 చదరపుటడుగులు. రోడ్డు వైపు 20 అడుగులు, లోపలికి 45 అడుగులు అనుకుందాం. రెండు పక్కలా పొరుగిండ్లు ఆనుకుని ఉంటాయి. గాలీ వెలుతురూ రావాల్సింది ముందు నుంచి, అదృష్టం ఉంటే వెనుక నుంచి.

పక్క కిటికీ నుంచి వచ్చే వెలుతురు గదిలోకి ఎంత దూరం పనికొచ్చేలా పోతుందన్నదానికి కట్టడాల వాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, అంతకు రెండు నుంచి రెండున్నర రెట్లు. మన దగ్గర లింటెల్, అంటే కిటికీ మీది అడ్డ దూలం, 7 అడుగుల దగ్గర వేస్తారు కాబట్టి 14 నుంచి 17 అడుగులు. ముందు నుంచి 17, వెనుక నుంచి 17 తీసేస్తే 45లో ఇంకా 11 అడుగులు మిగిలాయి. అదీ అడ్డగోడలు లేవనుకుంటేనే. వెనుక కూడా మూసుకుపోతే 28 అడుగులు చీకటి. నడిమర్ర చీకటిగా ఉండటం కట్టినవాడి తప్పు కాదు, ప్లాటు పొడవు చేసిన తప్పు.

ఈ లెక్కలో ఒక కీలకం ఉంది, చాలామంది గమనించరు. లెక్క ఎత్తు గురించి అడుగుతోంది, వెడల్పు గురించి కాదు. నాలుగడుగుల కిటికీని ఆరడుగులకు వెడల్పు చేస్తే కిటికీ దగ్గర వెలుగు పెరుగుతుంది, అది లోపలికి పోయే దూరం మాత్రం పెద్దగా పెరగదు. అదే వైశాల్యాన్ని స్లాబు కిందికి, తొమ్మిదడుగుల ఎత్తుకు జరిపితే వెలుతురు ఇంకో నాలుగైదు అడుగులు లోపలికి నడుస్తుంది. పాత ఇండ్లలో దర్వాజ మీద, కిటికీ మీద వెంటిలేటర్లు ఉండేది ఇందుకే. ఇప్పుడు ఏసీ చల్లదనం పోతుందనో, ఫాల్స్ సీలింగ్‌కు అడ్డమనో వాటిని మూసేస్తున్నారు. గాలి పోకుండా అద్దం బిగిస్తే సరిపోయేది కదా!

నేషనల్ బిల్డింగ్ కోడ్ వేడి, పొడి వాతావరణం ఉన్న చోట గది నేల వైశాల్యంలో పదో వంతైనా కిటికీలు ఉండాలంటుంది. మంచిదే. కానీ ఆ పదో వంతు పక్కింటి గోడను చూస్తోందా, ఆకాశాన్ని చూస్తోందా అన్నది కాగితం మీద తేలదు. ఈ కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా మధ్యాహ్నం పన్నెండింటికి ట్యూబ్‌లైటు వెలిగే ఇండ్లు నేనే గీశాను, ఒప్పుకుంటాను.

కన్ను చేసే మోసం

ఒక చోట పడే వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఎండలో నేల మీద పడే వెలుతురు దాదాపు 1,00,000 లక్సులు. దట్టంగా మబ్బు పట్టిన పగలు 10,000 అటూ ఇటూ. కిటికీ పక్కన కుర్చీలో వెయ్యి, రెండు వేలు. ఇంటి నడిమర్రలో 20 ఉంటే గొప్ప. అంటే వాకిటికీ వంటర్రకూ మధ్య తేడా పదింతలు కాదు, వేల రెట్లు. అయినా మనకు అంతలా తోచదు. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది, రెటీనా సున్నితత్వం పెంచుకుంటుంది. పది నిమిషాలు కూర్చుంటే "ఆఁ, కనబడుతోందిలే" అనిపిస్తుంది. అందుకే కన్నును నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ వేసుకోండి, ఖచ్చితంగా చూపించదు గానీ పోల్చుకోవడానికి చాలు. మబ్బు పట్టిన రోజు డాబా మీద ఒకసారి, లోపలి అర్రలో బల్ల ఎత్తున ఒకసారి కొలిచి, రెండో దాన్ని మొదటి దానితో భాగించండి. వచ్చిన శాతమే ఆ చోటి జాతకం.

మన దేశపు ప్రమాణాలు ఆరుబయట 8,000 లక్సులు ఉంటాయని మొదలుపెట్టి, వంటగదికి అందులో 2.5 శాతం, అంటే 200 లక్సులు ఉండాలంటాయి. చదువుకునే గదికి 1.9 శాతం, కూర్చునే గదికి 0.625 శాతం. వంటింటికి హాలు కంటే నాలుగు రెట్లు కావాలని ఇంజినీర్లు లెక్కగట్టారు. మనం కడుతున్నది తిరగేసి. హాలుకు రోడ్డు వైపు నిలువెత్తు అద్దాలు, వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బొక్క. కూరగాయలు కోసేది, కత్తి పట్టేది ఎక్కడో మరిచిపోయాం. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇండ్లలో నేను చూసింది వేరు. అక్కడ వెలుతురు పడే చోటు మగ్గానిది, మిగిలిన చోటు మనుషులది. రంగు దారాల్లో ఎరుపుకీ మెరూన్‌కీ తేడా తెలియకపోతే పట్టీ పాడవుతుంది కాబట్టి.

సజ్జ తప్పు కాదు, ఎదురు గోడది

వెలుతురు రావట్లేదంటే అందరూ ముందు సజ్జ మీద, అంటే కిటికీ మీది సిమెంటు చూరు మీద పడతారు, కొట్టించేద్దామంటారు. ఆగండి. కిటికీకి దూరంగా, గది లోపలి మూలన కన్ను పెట్టి చూడండి. అక్కడి నుంచి కిటికీలో కనబడేది నడినెత్తి ఆకాశం కాదు, ఎదురుగా దాదాపు నేలబారున ఉండే ముక్క. సజ్జ కప్పేది పై ఆకాశాన్ని. అది కిటికీ పక్కన కూర్చున్నవాడికి అడ్డం గానీ లోపలి మూలకు కాదు. లోపలి మూలకు అడ్డమొచ్చింది ఎదురింటి రెండో అంతస్తు. సజ్జ కొట్టేస్తే మే నెల ఎండ మాత్రం లోపలికొస్తుంది.

ఎదురు గోడను కదిలించలేం. కానీ దాని రంగు మార్చగలం. మీ కిటికీకి ఆకాశం బదులు పక్కింటి గోడ కనబడుతోందంటే, ఇక ఆ గోడే మీ ఆకాశం. అది సిమెంటు రంగులో, వానలకు నల్లగా నాచు పట్టి ఉందనుకోండి, దాని మీద పడిన వెలుతురులో ఇరవై శాతం తిరిగొస్తే ఎక్కువ. తెల్లసున్నం వేస్తే ఎనభై వరకూ వస్తుంది. నాలుగింతలు. ఇంకో వింత కూడా ఉంది. ఎండ సూటిగా పడ్డ తెల్లగోడ, సూర్యుడికి దూరంగా ఉన్న నీలాకాశం కన్నా వెలుగుగా ఉంటుంది. నమ్మకపోతే పదకొండింటికి డాబా ఎక్కి చూడండి, గోడ వంక చూస్తే కళ్లు చికిలిస్తాం, ఉత్తరపు నీలాకాశం వంక హాయిగా చూడగలం. కాబట్టి పక్కింటాయనను అడిగి, ఖర్చు మీరే పెట్టి, మీ కిటికీ ఎదుటి గోడకు తెల్లరంగు వేయించండి. "మా గోడకు మీరు రంగు వేస్తరా?" అని ఒకాయన అనుమానంగా చూశాడట మా దగ్గరికొచ్చిన ఒకరిని. మా దగ్గరికొచ్చినాయనే చాయ్ తాగించి ఒప్పించాడు. గోడలో రంధ్రం పెట్టకుండా వెలుతురు తెచ్చుకునే పద్ధతుల్లో దీన్ని మించింది నాకు తెలియదు.

నూరు రూపాయలు ఐదు వందలైన లెక్క

గోడ రంగు గురించి ఇంకొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మామూలుగా అనుకునే దానికన్నా దాని పాత్ర చాలా పెద్దది. లోపలి అర్రలోకి ఆకాశం నేరుగా కనబడకపోతే, అక్కడికి చేరేదంతా గోడలకు, కప్పుకు, నేలకు తగిలి తిరిగి వచ్చిన వెలుతురే. ఒక గదిలోకి 100 పాళ్ల వెలుతురు వచ్చిందనుకోండి. గది లోపలి ముఖాలన్నీ సగటున 80 శాతం తిప్పికొడితే 80 మళ్లీ గదిలోకి వస్తాయి, వాటిలో 64, తర్వాత 51, అలా పోతూ పోతూ మొత్తం కూడితే 500. అవే ముఖాలు 50 శాతమే తిప్పికొడితే 100, 50, 25, 12 కూడి 200 దగ్గర ఆగిపోతుంది. కిటికీ అదే, ఎండ అదే, తేడా రెండున్నర రెట్లు.

దసరా పండుగకు ఇల్లంతా సున్నం వేసే అలవాటు ఏటేటా ఈ లెక్కను మళ్లీ 80 దగ్గరకు తెచ్చి పెట్టేది. వంటింటి పొగ, నూనె జిడ్డు, దుమ్ము ఏడాదిలో దాన్ని కిందికి లాగితే, పండుగ మళ్లీ పైకి లేపేది. ఇప్పుడు వేసే రంగు పదేళ్లు వస్తుందని వదిలేస్తున్నాం. నిజానికి పదేళ్లొచ్చేది రంగు, తెలుపు కాదు. పైగా చిన్న హాల్లో టీవీ వెనుక నల్లరాయి, ముదురు గోధుమ లామినేట్ బీరువాలు, వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు, ఆ వెనుక ముదురు టైల్స్. నల్ల గ్రానైట్ తన మీద పడిన దాంట్లో పదో వంతు కూడా తిరిగివ్వదు. షోరూంలో అది మెరుస్తుంది, అక్కడ ఇరవై లైట్లుంటాయి కాబట్టి. మెరవడం వేరు, వెలగడం వేరు. చీకటి వంటింటికి నేను చెప్పేది ఒక్కటే. గట్టు మీ ఇష్టం, కానీ గట్టు వెనుక గోడకు మాత్రం తెల్ల టైలే వేయండి.

కప్పును ఎవరూ పట్టించుకోరు. బయటి ఎండ వాకిట్లోని బండల మీద పడి, పైకి లేచి, కిటికీలోంచి నేరుగా కప్పుకు తగులుతుంది. అక్కడి నుంచి గది లోతుకు దిగుతుంది. వాకిట్లో షాబాద్ బండలున్న ఇంటికీ, నల్ల పేవర్ టైల్స్ ఉన్న ఇంటికీ హాల్లో తేడా తెలుస్తుంది. పాలంపేట రామప్ప గుడి మంటపంలో నిలబడి తలెత్తితే ఈ సంగతి కళ్ల ముందుంటుంది. 1213 నాటి ఆ మంటపానికి చుట్టూ నిలువెత్తు గోడలు లేవు, నడుమెత్తు అరుగు గోడలే. పైన కిటికీ అన్నది లేదు. వెలుతురు పక్కల నుంచి వచ్చి, నునుపు రాతి నేలకు తగిలి లేస్తేనే కప్పు మీది చెక్కడాలు కనబడతాయి. అదే గర్భగుడి దగ్గరికి పోయేసరికి లోతు పెరిగి చీకటి. వంద గజాల ఇల్లు కూడా అంతే, గర్భగుడిలో వంట చేస్తున్నాం.

అద్దాల మాట కూడా ఇక్కడే. అద్దం వెలుతురును పుట్టించదు, దారి మళ్లిస్తుంది. కిటికీకి ఎదురుగా నిలువుటద్దం పెడితే వచ్చిన వెలుతురులో చాలా భాగం వచ్చిన దారినే బయటికి పోతుంది. కిటికీని ఆనుకున్న పక్క గోడకు పెడితే లోపలికి తిరుగుతుంది. ఆ అద్దంలో చూస్తే మీకు ఆకాశం కనబడాలి. బీరువా కనబడితే దండగ.

అరచేయంత ఆకాశం

పక్కలు మూసుకుపోయిన ఇంటికి మిగిలేది నెత్తి మీది ఆకాశం. మన పెద్దలు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. భవంతి ఇండ్లలో నడుమ ఆకాశం కనబడే గచ్చు వదిలేవారు, చుట్టూ అర్రలు. ఆ మాత్రం జాగా లేని పెంకుటింట్లో గూనపెంకుల మధ్య ఒక అద్దం పెంకు పెట్టేవారు. చేతి వెడల్పు కూడా ఉండేది కాదు. దాంతో ఏమొస్తుంది అనిపిస్తుంది గానీ లెక్క చూడండి. నాలుగంగుళాలకు నాలుగంగుళాల అద్దం అంటే చదరపు మీటరులో వందో వంతు. దాని మీద లక్ష లక్సుల ఎండ పడితే లోపలికి దిగేది దాదాపు 1,000 ల్యూమెన్లు (మొత్తం వెలుతురుకు కొలత). మీ ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది 900. అరచేయంత అద్దం పెంకు ఒక బల్బు!

ఇక్కడే వేడి గురించిన భయం కూడా తేల్చుకోవచ్చు. "పైన అద్దం పెడితే ఎండాకాలం మాడిపోతం" అంటారు. సగం నిజం. చదరపు మీటరుకు నడి ఎండలో 1,000 వాట్లు పడతాయి. రెండడుగులకు రెండడుగుల అద్దం పెడితే 370 వాట్లు. ఇస్త్రీపెట్టెను సగం మంట మీద పైకప్పుకు వేలాడదీసినట్టే. కానీ అది తెచ్చే వెలుతురు కూడా నలభై బల్బులది. నలభై ఎల్‌ఈడీ బల్బులు వెలిగించినా 360 వాట్ల వేడే పుడుతుంది. అంటే వెలుతురు పాలుకు పాలు చూస్తే ఎండ, ఎల్‌ఈడీ కన్నా వేడేమీ కాదు. తప్పు ఎండది కాదు. చిన్న వంటర్రకు రెండు బల్బులు చాలిన చోట నలభై దించిన మనది.

మరి అరచేయంతే పెడదామా? వానాకాలం అడ్డొస్తుంది. మబ్బు రోజున వెలుతురు పదో వంతుకు పడిపోతుంది, అరచేయి అద్దం చిమ్నీ దీపంలా మిగులుతుంది. నా అనుభవంలో చిన్న అర్రకు ఒక చదరపుటడుగు దగ్గర బేరం కుదురుతుంది. ఎండలో పది బల్బులు, 90 వాట్ల వేడి, మబ్బులో ఒక బల్బు. అద్దం గరుకుదై ఉండాలి, లేకపోతే నేల మీద ఒక తెల్లటి మచ్చ పడి, చుట్టూ మరింత చీకటిగా అనిపిస్తుంది.

స్లాబుకు నేను ఎక్కువగా చెప్పేది ఇంకో పద్ధతి. రంధ్రం చుట్టూ రెండడుగుల ఎత్తు గూడు కట్టి, పైన మూసేసి, ఉత్తరం వైపు నిలువుగా అద్దం పెట్టడం. పాత వంటిండ్ల పొగ గూడు లాంటిదే. నిలువు అద్దం మీద దుమ్ము తక్కువ నిలుస్తుంది, వాన కారదు, సగం ఆకాశం కనబడుతుంది. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదిలో ఎక్కువ భాగం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మే నెల సగం నుంచి జూలై చివరి దాకా మాత్రం నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వస్తాడు. ఉత్తరపు కిటికీలో అసలు ఎండే పడదన్న మాట మన ఊరికి వర్తించదు. అయితే అప్పుడు కూడా అంత నిటారుగా ఉంటాడు గనుక గూడుకు మూడంగుళాల చూరు వదిలితే మధ్యాహ్నం వేళ రెండడుగుల అద్దం మొత్తం నీడలో ఉంటుంది. ఆ పక్కనే వేడిగాలి పోవడానికి లూవర్లు (ఏటవాలు పలకలు) పెట్టించుకుంటే స్లాబు కింద ఉక్కపోత కూడా తగ్గుతుంది.

కట్టిన స్లాబును కోయడం మాత్రం ఆషామాషీ పని కాదు. పొట్టి వైపు పరిచిన చువ్వలే ఎక్కువ బరువు మోస్తాయి. వాటిని తెగ్గొట్టి, ఏమీ కాదులే అనే మేస్త్రీలు ఉంటారు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించకుండా కోయొద్దు, బీములకు దగ్గరగా అస్సలు వద్దు. కొత్తగా కట్టేవాళ్లకు ఈ బాధ లేదు. సెంట్రింగ్ అప్పుడే పెట్టె వదిలి, చుట్టూ అదనపు చువ్వలు, మూలల్లో ఏటవాలు చువ్వలు వేయిస్తే పగుళ్లు రావు. రంధ్రం చుట్టూ తొమ్మిదంగుళాల కట్ట లేకుండా ఏ అద్దమూ పెట్టొద్దు. మన దగ్గర వాన కన్నా ముందు కోతులు పరీక్ష పెడతాయి. గాజు పగిలినా కింద పడకుండా పొరల మధ్య అతుక్కుని ఉండే ల్యామినేటెడ్ రకమే కావాలి, మీద ఇనుప జాలీ కూడా.

రేకుల ఇండ్లకు పని సులువు. అదే వంపుల కొలత ఉన్న పాలికార్బొనేట్ రేకు ఒకటి మధ్యలో వేస్తే సరి. చవక ఫైబర్ రేకు రెండు మూడేండ్లకే పచ్చబడి పగులుతుంది, ఎండను తట్టుకునే పూత ఉన్నదే తీసుకోవాలి. అంత కూడా వద్దనుకుంటే బ్రెజిల్ మెకానిక్ ఆల్ఫ్రెడో మోజర్ 2002లో చేసి చూపిన చిట్కా ఉంది. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, నాచు పట్టకుండా రెండు మూతల బ్లీచ్ పోసి, కొంత పైకి, మిగతాది లోపలికి ఉండేలా రేకులో బిగించడం. ఎండ సీసాలోకి దిగి నీళ్లలో వంగి అన్ని వైపులా చిమ్ముతుంది, 40 నుంచి 60 వాట్ల పాత బల్బంత. ఫిలిప్పీన్స్‌లో 2011 నుంచి పేదల బస్తీల్లో వీటిని పెద్ద ఎత్తున పెట్టారు. ఒక్క హెచ్చరిక. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. అలాంటి రేకుకు బొక్క పెట్టొద్దు, ఆ రేకునే తీయించి మార్చండి.

డక్టులు ఎందుకు ఓడిపోతాయి

మూడంతస్తుల ఇండ్లలో బాత్రూముల పక్కన మూడడుగులకు మూడడుగుల డక్టు, అంటే కింది నుంచి పై దాకా ఖాళీ జాగా వదిలి, "గాలీ వెలుతురూ వస్తది సార్" అంటారు. గాలి సంగతేమో గానీ వెలుతురు లెక్క ఇది. పదడుగుల లోతున ఆరుబయటి వెలుతురులో 3 శాతం నేరుగా దిగుతుంది. ఇరవై అడుగుల లోతున 0.7 శాతం. ముప్ఫై అడుగులకు 0.3. లోతు రెండింతలైతే వెలుతురు నాలుగో వంతు. అదీ డక్టు అడుగున నిలబడ్డవాడికి. డక్టులోకి తెరుచుకున్న కిటికీ వెనుక కూర్చున్నవాడికి ఆకాశమే కనబడదు, ఎదుటి డక్టు గోడ కనబడుతుంది. ఆ గోడ ప్లాస్టరింగ్ కూడా లేకుండా, పైపులతో, నాచుతో ఉంటుంది. దాన్ని వదిలేసి లోపల లైట్లు మారుస్తుంటారు. డక్టు వదలక తప్పకపోతే ఐదుకు ఐదు వదలండి, ఇరవై అడుగుల లోతున అది 2 శాతం ఇస్తుంది. గోడలకు నున్నని తెల్ల టైల్స్ వేయండి, మురికి వానకే కడుక్కుపోతుంది. పై నుంచి కోతుల జాలీ తప్ప రేకు కప్పొద్దు, నీళ్ల ట్యాంకు అసలే వద్దు.

డక్టుకు బదులు మెట్లు ఇంటి నడుమ పెట్టి, డాబా మీది మెట్ల గదికి మూడు వైపులా అద్దాలు పెడితే అదే పెద్ద వెలుతురు బావి అవుతుంది. మెట్లకు ఎలాగూ జాగా పోతుంది కదా. వంద గజాల ఇంటికి ఇంతకన్నా మంచి ప్లాను నాకింకా తట్టలేదు. మెట్లు నైరుతిలోనే ఉండాలనే ఇంటాయనతో మాత్రం నేను వాదించను, వాస్తు పండితుడి ఫీజు నాకన్నా ఎక్కువ.

మెరిసే లోపలి పూతతో వెలుతురు గొట్టాలు కూడా అమ్ముతున్నారు, డాబా మీద నుంచి కింది అర్రకు దించేవి. పనిచేస్తాయి, ధర ఎక్కువ. రహస్యం పూతలో ఉంది. తగిలిన ప్రతిసారీ 98 శాతం తిప్పికొట్టే గొట్టంలో పదిసార్లు తగిలాక 82 శాతం మిగులుతుంది. 60 శాతం తిప్పికొట్టే మామూలు రేకు గొట్టంలో పదిసార్లకు ఒక్క శాతం కూడా మిగలదు. "అదే పని మా రేకుల దుకాణపాయన పావు ధరకు చేసిస్తడు" అనుకునేవాళ్లు ఈ రెండంకెలు గుర్తుంచుకోవాలి.

ఏ దిక్కు ఎండ ఎలాంటిది

దక్షిణపు కిటికీ అంటే అనవసరంగా భయపడతారు. ఎండాకాలం సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, రెండడుగుల సజ్జ కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు, అదే సజ్జ పైన రెండడుగుల పైచిలుకు మాత్రమే కప్పి మిగిలిన ఎండను చలికాలపు గదిలోకి వదులుతుంది. అడగకుండానే కాలాన్ని బట్టి నడుచుకునే కిటికీ. అసలు శత్రువు పడమర. మూడింటి తర్వాత ఎండ వాలుతూ వాలుతూ నేలబారుకు వస్తుంది, ఏ సజ్జా ఆపలేదు. పడమర రోడ్డున్న ఇంటికి బయటి వైపు జాలీ గోడో, వెదురు తడికో తప్ప మార్గం లేదు. లోపల కర్టెన్ వేస్తే వేడి లోపలికొచ్చాకే ఆగుతుంది.

ఇవన్నీ చదివి గోడలు కొట్టే ముందు ఒక్కసారి ఇల్లంతా తిరిగి చూడండి. కిటికీకి బిగించిన కూలర్ దసరా దాటినా అక్కడే ఉందా? మే, జూన్ కోసం పెట్టిన డబ్బా పన్నెండు నెలలు కిటికీని తినేస్తుంది. కిటికీ సగానికి ఆనుకుని ఇనుప బీరువా ఉందా? దోమల జాలీ ఎప్పుడైనా కడిగారా? కర్టెన్ రాడ్డు కిటికీకి రెండు వైపులా ఒక్కో అడుగు పొడవుంటే తెర మొత్తం గోడ మీదికి జరుగుతుంది, లేకపోతే ఎప్పుడూ పావు కిటికీ మూసే ఉంటుంది. నడిమర్ర గోడ పైన, లింటెల్‌కూ స్లాబుకూ మధ్య అద్దం బిగిస్తే ముందర్ర వెలుతురులో వాటా దొరుకుతుంది.

కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. 9 వాట్ల బల్బు రోజుకు పది గంటలు వెలిగినా నెలకు 2.7 యూనిట్లు. పైగా తెలంగాణ ప్రభుత్వపు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా వచ్చే ఇండ్లు ఇప్పుడు బోలెడు. వెలుతురు కావాల్సింది బిల్లు కోసం కాదు. అరవై ఏళ్ల కంటికి, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే, లోపలికి చేరేది దాదాపు మూడో వంతే. పిల్లలకు సరిపోయే నడిమర్రలో అత్తయ్య గడప తట్టుకుని పడుతుంది. పగలంతా మసకలో ఉన్న ఒంటికి రాత్రి నిద్ర కుదురుగా పట్టదు. గోడల తేమ ఆరదు. అయితే కిటికీ అద్దం వెనుక కూర్చుంటే విటమిన్ డి రాదు, అందుకు కావాల్సిన కిరణాలను మామూలు గాజు ఆపేస్తుంది. దానికి వాకిట్లోకి రావాల్సిందే.

ఇక చివరి జాగ్రత్త. పక్క ప్లాటు ఖాళీగా ఉందని అటు కిటికీలు నమ్ముకుని ప్లాను గీయించుకునేవాళ్లను ఆపడం నావల్ల కావడం లేదు. ఆ ప్లాటు మీది కాదు, ఆ ఆకాశం కూడా మీది కాదు. మీ నెత్తి మీదిది మాత్రం ఎవరూ మూయలేరు, మీరు తప్ప. పై అంతస్తు వేయాలనుకుంటే రంధ్రం ఎక్కడో పై ప్లానులో కూడా ఇప్పుడే గీయించండి, మెట్ల పక్కనో, పై వరండా మూలనో. మా చిన్నాయన కొడుకు ఇంట్లో ఆరేండ్ల కింద నేనే దగ్గరుండి వంటింటి మీద గరుకు అద్దం పెట్టించాను. వదిన రెండేండ్లు పగటి పూట లైటు వేయలేదు. తర్వాత తమ్ముడి పెండ్లి కుదిరింది, పైన రెండర్రలు లేచాయి. ఆ అద్దం ఇప్పటికీ ఉంది. దాని మీద కొత్త కోడలి బీరువా ఉంది.